ఉప్పు చూడని మాణియో

సోమ కొలంబో నుంచి ఫోన్ చేసి "మాణియో ఖలాస్" అంది.

మా ఇద్దరి మధ్యా ఇప్పటికీ ఉన్నది దుబాయ్ వంటిళ్లలో ఏరుకున్న అరబీ ముక్కలే. ఆ భాషలో చావుకి వేరే మాట మాకు రాదు. బియ్యం నిండుకున్నా ఖలాస్, పని అయిపోయినా ఖలాస్, మనిషి పోయినా ఖలాస్. పొయ్యి మీద గోరుచిక్కుడు అడుగంటుతోందని ముక్కు చెబుతూనే ఉంది, కాలు కదలలేదు.

"ఆవిడ పేరేమిటి సోమా?" అని అడిగాను, ఇన్నేళ్ల తర్వాత.

సోమ "మాణియో" అంది. దానికీ అంతకుమించి తెలియదు. మాణియో అంటే వాళ్ల సింహళంలో అమ్మ అని. బౌద్ధ సన్యాసం పుచ్చుకున్న ఆడవాళ్లను అలా పిలుస్తారట. ఈవిడ చిన్నప్పుడు ఏదో ఆశ్రమం వంటింట్లో పెరిగి, ఆ బట్ట విడిచేసి, మాలాగే దుబాయ్‌కి ఇంటిపనికి వచ్చింది. ఎందుకు విడిచిందో, ఎవరి కోసం వచ్చిందో ఎవరమూ అడగలేదు. అడిగితే వచ్చే జవాబు అందరికీ ముందే తెలుసు. "మాఫీ కలాం." మాటల్లేవు అని. వంట మధ్యలో ఎవరు నోరు తెరిచినా ఆ ముక్కే. పొగిడినా అదే, ఏడ్చినా అదే.

నేను ఆవిడ దగ్గరికి భక్తితో వెళ్లలేదు. భయంతో వెళ్లాను.

అప్పట్లో నేను రాషిదియాలో ఒక అరబ్బుల ఇంట్లో పనిచేసేదాన్ని. నన్ను మరియం అనేవారు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఒక రోజు మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, నన్ను కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది. రంజాన్ అయ్యాక రెండో పనిమనిషి అక్కర్లేదు. ఈద్ లోపల వేరే ఇల్లు చూసుకుంటే బాబా, అంటే ఆ ఇంటాయన, అక్కడ చేరడానికి రిలీజు కాగితం ఇస్తాడు. లేకపోతే ఊరికి టిక్కెట్టు. మంచి మనిషే పాపం, చెబుతూ నా చెయ్యి పట్టుకుంది. కానీ ఊళ్లో నా కూతురు నర్సు చదువు సగంలో ఉంది. నేను ఇంటికి చేరితే అది హాస్టల్లోంచి ఇంటికి చేరుతుంది. ఇద్దరం కలిసి రొయ్యలు ఒలుచుకోవాలి.

రాజోలు వైపు వదిన ఒకావిడ బర్ దుబాయ్‌లో ఒక గుజరాతీల ఇంట్లో గిన్నెలు తోమేది. నాకు చుట్టమేమీ కాదు, దుబాయ్ వచ్చాక వదిన అయింది. వాళ్లకి వంటమనిషి కావాలని తెలుసుకుని పరుగున వచ్చింది.

"ఒసేయ్ మరియా, ఆళ్లు ఉల్లిపాయ కూడా ముట్టరంట. ఎల్లుల్లి పేరెత్తితే ముక్కు మూసుకుంటారు. నీకేటొచ్చు, రొయ్యలేపుడు తప్ప?"

"ఆ సంగతి వాళ్లకి చెప్పావా వదినా?"

"సెప్పలేదే. బౌద్ధుల గుడిలో సాములోరికి వంట సేత్తదని సెప్పాను. మంచి నియమం గల మడిసని సెప్పాను."

"అంత అబద్ధం ఎలా ఆడావు?"

"అబద్ధం ఎందుకవుద్దే? శుక్రవారం నుంచి ఎళ్లి నిజం సేసుకో. ఆ శ్రీలంక పిల్ల సోమ ఎళ్తదిగా, దాని కూడా ఎల్లు. ఈదుకి ముందు నిన్ను పిలిచి వంట సేయించి సూత్తారంట."

అలా చేరాను సత్వాకి. సోమ మా పక్కింట్లో పనిచేసేది. వాళ్ల దేశం ఆఫీసువాళ్లు కొందరు కలిసి సత్వా సందులో ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుని, ఒక ముసలి భిక్షువును తెచ్చి పెట్టుకున్నారు. దాన్ని పన్సల అనేవారు, మఠం అని. బోర్డు లేదు. చెప్పులు గుమ్మం బయట విడవకూడదు, ప్లాస్టిక్ సంచిలో పెట్టి లోపలికి తెచ్చుకోవాలి. గుంపుగా రాకూడదు, ఇద్దరిద్దరుగా రావాలి. శుక్రవారం పొద్దున ఆయనకి అన్నం వండి పెట్టడం అక్కడి ఆడవాళ్ల వంతు. ఆ వంట ఎలా చెయ్యాలో నేర్పేది మాణియో.

గుమ్మంలోనే నిలబడి ఉండేది. మనిషి నా భుజం దాకా వస్తుంది. తెల్ల రవిక, తెల్ల లుంగీ బట్ట. నెరిసిన జుట్టు వేలెడు పొడుగున బ్రష్షులా నిలబడి ఉంటుంది. వచ్చినవాళ్లకి దండం పెట్టదు, సంచి వాసన చూస్తుంది. ఆ భిక్షువు చేప, మాంసం తినరు. సింహళంవాళ్లకేమో ఏ కూరలోనైనా ఎండుచేప పొడి పడకపోతే ముద్ద దిగదు. ఆవిడ సోమ సంచిలోంచి ఆ పొడి డబ్బా లాగి వరండా గోడ మీద పెట్టింది. అక్కడ అప్పటికే డబ్బాలు వరసగా కూర్చుని ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఎవరి డబ్బా వాళ్లు తీసుకోవాలన్నమాట.

నా సంచిలో ఏమీ లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"సమక్," అంది. చేప.

"నిన్న రాత్రి ఇంట్లో వండాను. నిమ్మకాయతో కడిగాను," అన్నాను.

"నిమ్మకాయ వాసన కూడా వస్తోంది. చేప, నిమ్మకాయ. వెళ్లి కడుక్కో." పాలు పిండేసిన కొబ్బరి పిప్పి గుప్పెడు ఇచ్చి కుళాయి దగ్గరికి పంపింది. మోచేతుల దాకా రుద్దుకొచ్చాను. మళ్లీ వాసన చూసింది. మళ్లీ పంపింది. వెనకాల ఆడవాళ్లు కిసుక్కుమంటున్నారు. గోదారి పక్క పుట్టినదాన్ని, నా చేతుల్లోంచి చేప పోవాలంటే చర్మం ఒలవాలి అనుకున్నాను కోపంగా.

రంజాన్ నెల. ఆ ఏడు మండు వేసవిలో వచ్చింది. అరబ్బుల ఇళ్లు తెల్లవారాక నిద్రపోతాయి గనక మాకు పొద్దున బయటపడడానికి వీలయ్యేది. కానీ చుట్టుపక్కలంతా ఉపవాసం. మాణియో వంటింటి కిటికీలు మూయించి, తలుపు కింద తడిగుడ్డ తోయించేది. ఫ్యాను కూడా వద్దనేది.

"పక్కింట్లో నోరు కట్టుకుని ఉన్నారు. మన తాలింపు వాళ్ల ముక్కుకి తగలకూడదు," అనేది.

చెమట కళ్లలోకి కారుతుంటే ఆ మూసిన గదిలో ఆరేడుగురం నిలబడేవాళ్లం. బయట ఎవరైనా నడిచిన చప్పుడైతే గరిటెలన్నీ ఆగిపోయేవి. చప్పుడు దాటిపోయాక ఆవిడ వేలు కొంచెం కదిపేది. మళ్లీ గరిటెలు కదిలేవి.

ఆ వంటకి ఒక కట్టుబాటు ఉంది. బుద్ధుడికి పెట్టి, భిక్షువుకి వడ్డించేదాకా వండినవాళ్లు రుచి చూడకూడదు. ఉప్పు చూడకూడదు. ఇంకోటి, భిక్షువు మధ్యాహ్నం దాటితే తినరు. సూర్యుడు నడినెత్తి దాటాడా, ఇక మర్నాడు పొద్దుటిదాకా ఆయనకి నీళ్లే. కాబట్టి అక్కడ వంట అంటే నాలుక కట్టేసుకుని గడియారంతో పరుగెత్తడం.

మాణియో నాలుక బదులు చెవితో వండేది. గిన్నె పక్కన తల వంచి, చేతులు వెనక్కి కట్టుకుని, పసిపిల్ల ఊపిరి వింటున్నట్టు వినేది. "ఇది ఇంకా గట్టిగా మాట్లాడుతోంది, నీళ్లున్నాయి," అనేది. కాసేపటికి "ఇప్పుడు గొణుగుతోంది, దించు," అనేది. కొబ్బరిపాలు విరగబోయే ముందు ఒక తియ్యటి వాసన వేస్తాయట, ఆ వాసనకి ముందే దించెయ్యాలట. ముందు వాసన ఎలా తెలుస్తుందమ్మా అంటే, "మాఫీ కలాం. ముక్కు పెట్టు," అనేది. ఉప్పు మాత్రం అరచేతిలో పోసుకుని, దాన్ని చూసి, గిన్నెను చూసి, ఒక్కసారే వేసేది. "రెండోసారి వేసే చెయ్యి భయపడిన చెయ్యి. దాని వంట తినకూడదు," అనేది.

నాకు మాత్రం పొయ్యి దగ్గరికి చోటివ్వలేదు. ఆకు కొయ్యమనేది. ఆకుకూరను చుట్టలా చుట్టి వెంట్రుకల్లా కోయాలి. నేను కోసింది చూసి, "ఒంటెకి పెడతావా?" అని మళ్లీ కొయ్యమనేది. ఒక శుక్రవారం ఉండబట్టలేక అనేశాను.

"మాణియో, నాకు ఈద్ దాకానే టైం. గుజరాతీల ఇంట్లో పని కావాలి. కూర నేర్పు. ఆకు తర్వాత కోసుకుంటాను."

ఆవిడ నావైపు తిరగలేదు. "ఇక్కడ పని దొరకదు. ఇక్కడ దానం చేస్తారు. దానం చేస్తుంటే నీకేమైనా అంటుకుంటే అది నీది, తీసుకుపో."

"పొమ్మంటావా?"

"సన్నగా కొయ్యమంటున్నాను."

ఆ వారంలోనే మామా కోసం సామాన్లు కొనడానికి నేను సత్వా వెళ్తే, మాంసం కొట్టు ముందు నల్ల అబాయా ముసుగులో ఒక పొట్టి మనిషి కొట్టువాడితో తగువుపడుతూ కనిపించింది. గొర్రె తొడను వేళ్లతో నొక్కి, వాసన చూసి, "ఇది నిన్నటిది. లోపలిది తియ్యి!" అంటోంది. చూద్దును కదా, మాణియో. తర్వాత తెలిసింది, జుమేరాలో ఆవిడ పనిచేసే ఇంట్లో మాంసం పలావు ఆవిడ చేతిదే కావాలని చుట్టాలు కూడా వస్తారట. వాళ్లలో ఎవరికీ తెలియదు, ఆవిడ దాన్ని ఒక్క మెతుకు కూడా నోట పెట్టుకోలేదని. నన్ను చూసి సిగ్గుపడలేదు, నవ్వలేదు.

"వారమంతా చెయ్యి వాళ్లది. నాలుక నాది," అంది. పొట్లం చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

వదిన వచ్చి చెప్పింది, గుజరాతీల ఇంటికి శనివారం రమ్మన్నారని. ముందు రోజు శుక్రవారం. పన్సలకి వెళ్లేసరికి మాణియో చాకు ఇవ్వలేదు. గరిటె ఇచ్చింది.

"ఇవాళ వంట నీది. అన్నం, పప్పు, గుమ్మడికాయ. ఇంకెవరూ ముట్టరు."

భిక్షువుకి రెండు రోజులుగా జ్వరమనీ, గంజి తప్ప ఏమీ తినలేదనీ, ఇవాళే కాస్త అన్నం అడిగారనీ సోమ నా చెవిలో చెప్పింది. మూసిన గదిలో అన్నం వండాను. పప్పు కొబ్బరిపాలతో దగ్గరపడింది. గుమ్మడికాయ ముక్క విరక్కుండా మెత్తబడింది. ఉప్పు అరచేతిలో చూసి వేశాను. అంతా సవ్యంగానే ఉంది. కానీ మనసులో రేపటి శనివారం ఉంది. ఆ ఇల్లు, ఆ మేడం, నా కూతురి పెట్టె హాస్టల్ గేటు బయట. ఆ ఆలోచనలోనే, మా అమ్మ చేసినట్టు, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నేను చేసినట్టు, గరిటెతో పప్పు చుక్క అరచేతిలో వేసుకుని నాకాను. తర్వాత గుమ్మడికాయ పులుసు చుక్క.

సోమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడు తెలిసింది నేనేం చేశానో.

మాణియో లేచి వచ్చింది. కొడుతుందనుకున్నాను. రెండు గిన్నెలూ గుడ్డతో పట్టుకుని దించి, గోడవార కింద పెట్టి మూతలు వేసింది. "ఇవి మనవి. మనం తింటాం," అంది, అంతే. గోడ గడియారం వైపు చూసింది. మధ్యాహ్నానికి ఎంతో లేదు.

"నేను చేస్తాను మాణియో," అని ఒక పెద్దావిడ చీర కుచ్చిళ్లు దోపుకుంది. "హాముదురువో జ్వరంతో ఉన్నారు. ఈ పిల్ల చేతిలో పెడితే ఆయన పస్తే." వాళ్లు భిక్షువును అలా అంటారు.

"మాఫీ కలాం," అంది మాణియో. నావైపు చూసింది. "ఏముంది?"

చూశాను. ఒక జర్‌జీర్ కట్ట, బకాలా కొట్లో దొరికే, అరబ్బులు పచ్చిగా తినే ఘాటు ఆకు. అరచిప్ప కొబ్బరి. పచ్చిమిరపకాయలు. ఒక నిమ్మకాయ.

"చెయ్యి," అంది. స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ ఒడిలో పెట్టుకుంది. ఇక ఆ చేతులు కదలవని నాకు అర్థమైంది. ఆయన పస్తున్నా కదలవు.

ఆకు చుట్టాను. కోశాను. వెంట్రుకల్లా రావాలి, వస్తున్నాయి. ఇన్ని వారాలు తిట్టుకుంటూ కోసిన కోత చేతికి అదే వచ్చింది. సోమ గడియారం చూస్తూ నిలబడింది, ఎంతయిందో చెప్పక్కర్లేదు, దాని ముఖం చూస్తే చాలు. కొబ్బరి తురిమాను, వేలు గీరుకుంది, చీరలో చుట్టుకున్నాను. మూకుడులో కొబ్బరి, పసుపు, మిరపకాయ. ఆకు వేశాను. ఉప్పు అరచేతిలో పోసుకున్నాను. చూశాను. చాలదేమో అనిపించింది. ఎక్కువేమో అనిపించింది. కళ్లు మూసుకుని వేసేశాను. ఆకు ఒక్కసారి ఉస్సురని కూలబడింది. దించి నిమ్మకాయ పిండాను. వాళ్లు దాన్ని మల్లుం అంటారు.

సోమ పళ్లెం అందుకుని దాదాపు పరుగెత్తింది. ముందు బుద్ధుడి పటం దగ్గర చిన్న గిన్నెతో, తర్వాత లోపలి గదిలోకి. నేను తలుపు పక్కన గోడకి ఆనుకున్నాను. ఆయన ఒక్కొక్క ముద్ద నెమ్మదిగా తిన్నారు. అన్నం, ఆకు, మరేమీ లేదు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. వాళ్లు అలా అనరట. తిన్నారు. పళ్లెం ఖాళీ అయింది. నడిమధ్యాహ్నం బాంగు సందు చివరి మసీదు నుంచి వినిపించినప్పుడు ఆయన చేతులు కడుక్కుంటున్నారు.

మాణియో కూడా ఆ మల్లుమే పెట్టుకుని తింది. నేను నీడలా పక్కన కూర్చున్నాను.

"ఉప్పు సరిపోయిందా?"

"నువ్వూ తిన్నావుగా."

"భయంతో నాకు ఏ రుచీ తెలియలేదు మాణియో."

ఆవిడ పళ్లెం తుడుచుకుంటూ తినేసి లేచిపోయింది.

శనివారం మామాకి చెప్పి, వదిన వెంట బర్ దుబాయ్ వెళ్లాను. బట్టల వ్యాపారం చేసే ఇల్లు. మూడో అంతస్తు. మేడం చిన్న వయసు, చేతిలో తాళాలు. వాళ్ల అత్తగారిని అందరూ బా అంటారు. వేళ్లు వంకర్లు పోయి ఆవిడ వంట మానేసిందట. వాళ్ల ఊళ్లో అయితే నాలాంటిదాన్ని వంటింటి గడప తొక్కనివ్వరు. దుబాయ్‌లో ఎవరు దొరుకుతారు?

సొరకాయ, కందిపప్పు ఇచ్చారు. చపాతీలు నాకు అరబ్బుల ఇంట్లోనే అలవాటు. సొరకాయ గిన్నె పక్కన తల వంచి విన్నాను. గొణుగుడు మొదలయ్యాక దించాను. మేడం స్పూను తెచ్చి చేతిలో పెట్టింది.

"చఖ్ కే దేఖో, రుచి చూడు. మా అత్తగారికి ఉప్పు తేడా వస్తే పళ్లెం తోసేస్తారు."

స్పూను నా చేతిలో ఉంది. వదిన వెనకనుంచి నా నడుం గిల్లింది. "సూడవే, సూసి కాత్త ఏసెయ్. తేడా వత్తే టిక్కెట్టే నీకు!"

నాకు కూతురు గుర్తొచ్చింది. స్పూను గిన్నెదాకా వెళ్లింది. ఆ గిన్నె పక్కన స్టూలు లేదు, మాణియో లేదు. అయినా ఒడిలో ముడుచుకున్న ఆ చేతులు నాకు కనబడ్డాయి. స్పూను బల్ల మీద పెట్టేశాను.

"నహీ మేడం. తినేవాళ్లకి పెట్టకముందు నేను నోట పెట్టను."

"మరి ఎలా తెలుస్తుంది?" అంది మేడం విసుగ్గా.

"వేశాను మేడం. ఒక్కసారే వేస్తాను."

"నీ నేమం తగలెయ్య!" అని వదిన తెలుగులో నెత్తి కొట్టుకుంది.

అప్పుడు చూశాను, వంటింటి గుమ్మంలో కర్ర పట్టుకుని ముసలావిడ నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు. లోపలికి వచ్చి, చిన్న వెండి గిన్నెలో తనే తలా కాస్త పెట్టుకుని పూజగదిలోకి వెళ్లింది. చాలాసేపటికి వచ్చి భోజనానికి కూర్చుంది. పప్పు కలుపుకుని ఒక ముద్ద తింది.

"నమక్ కమ్ హై," అంది.

మేడం నావైపు చూసింది. వదిన నేల చూసింది. బా ఉప్పు గిన్నె తెమ్మని సైగ చేసి, ఆ వంకర వేళ్లతో చిటికెడు తీసుకుని పప్పులో కలుపుకుంది. మళ్లీ తినసాగింది. సొరకాయ రెండోసారి వేయించుకుంది. చెయ్యి కడుక్కుని, కోడలితో గుజరాతీలో ఏదో అని, నావైపు తిరిగి, "ఈద్ కే బాద్ ఆ జానా," అంది, ఈద్ అయ్యాక వచ్చెయ్యమని.

మెట్ల మీద వదిన నన్ను వాటేసుకుంది. "సచ్చినదానా, నా గుండె ఆగిపోయిందే!" అని వీపు మీద ఒక్కటి వేసింది.

మరుసటి శుక్రవారానికి ఈద్ అయిపోయింది. సత్వా సందులో పిల్లలు కొత్త బట్టల్లో తిరుగుతున్నారు. పన్సల వంటింటి కిటికీలు తెరిచి ఉన్నాయి. లోపలికి ఉరుకుతూనే చెప్పేశాను. బాబా రిలీజు ఇస్తానన్నాడని, పని దొరికిందని, నా కూతురు చదువు ఆగదని. సోమ గట్టిగా అరిచి నోరు మూసుకుంది. ఆడవాళ్లందరూ నా చేతులు పట్టుకున్నారు.

మాణియో పప్పులో రాళ్లు ఏరుతోంది. తలెత్తకుండా అడిగింది.

"ముసలావిడ ఏమంది?"

"ఉప్పు తక్కువంది."

"ఎంత?"

"చిటికెడు."

ఏరడం ఆపి, ఆ చిటికెడు తన కళ్ల ముందు ఉన్నట్టు కాసేపు చూసింది. తర్వాత పక్కనున్న ఆకు కట్ట నావైపు జరిపింది.

"పని వచ్చింది. వంట ఇంకా రాలేదు. కూర్చో."